తాళము మనది, తాళపుచెవి పరులది

(ఒక పట్టణ పౌరసభలో గావించిన ఉపన్యాసము)



రాజ్యములకు రహస్యములుండుట నూతన విషయము కాదు. చారులు వార్తలనందించుటకు సంజ్ఞాలిపినుపయోగింపవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించినాడు. వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పమును, అనగా గూఢముగ వ్రాయు విద్యను, చేర్చినాడు. పరుల వ్రాతను చదువ యత్నించుటయు అంతే ప్రాచీనము. ఒకడు దాచును, వేరొకడు వెదకును. రాజనీతిలో ఇది అందరెరిగిన ఆట. దీనికి మేమిప్పుడు ఆశ్చర్యమునటింపనక్కరలేదు. నేడు మేము చెప్పబోవునది ఆ ఆటకు చెందినది కాదు. సొమ్ము దాచుకొనుటకై ఇనుపపెట్టెనమ్మిన వర్తకుడే దానిని తెరచు ఉపాయమును మూడవవానికి ముందుగ తెలిపియుంచుట, తుదకు ఆ మూడవవాడే అంగడినంతను కొనివైచి, తెరచాటున యజమానియై కూర్చుండి, లోకమున నూరుకు మించిన ప్రభుత్వములకు ఆ పెట్టెలనమ్మి లాభము తీయుట: ఇదియే నేటి విషయము.

ఈ సంగతి లోకమునకు సమగ్రముగ వెల్లడియైనది 2020వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన. అమెరికాలోని వాషింగ్టన్ పోస్టు పత్రికయు, జర్మనీలోని జెడ్.డి.ఎఫ్. ప్రసారసంస్థయు, స్విట్జర్లాండునందలి ఎస్.ఆర్.ఎఫ్. ప్రసారసంస్థయు కలసి, అమెరికా గూఢచారశాఖయగు సి.ఐ.ఏ. తన కొరకు తాను వ్రాయించుకొనిన చరిత్రను సంపాదించి దాని సారమును ప్రకటించినవి. మనదేశమున ఆ వార్త కొలది దినములు మెరసి మాయమైనది. మరుసటి నెలలో మహమ్మారి వచ్చిపడగా దానిపై ఎవరికిని తలపు నిలువలేదు. ఆ వంచకుని కొనుగోలుదారుల పట్టికలో భారతదేశపు పేరు కూడ ఉన్నదని మనలో ఎందరెరుగుదురు? అందువలననే దీనిని మీ యెదుట కొంత విస్తరించి చెప్పదలచినాము.

బోరిస్ హేగలిన్ అను స్వీడను దేశస్థుడు 1892లో రష్యా సామ్రాజ్యమున జన్మించినాడు. ఆయన తండ్రి నోబెల్ సోదరుల చమురు వ్యాపారమున పెద్ద ఉద్యోగి. 1925లో బోరిస్ స్టాక్‌హోమునందలి ఒక చిన్న గూఢలిపియంత్రముల కంపెనీ నిర్వహణమును చేపట్టెను. యుద్ధరంగమున సైనికుడు చేతబట్టుకొని పోదగినంతటి చిన్న యంత్రము నాతడు రూపొందించినాడు. దానికి విద్యుచ్ఛక్తి అక్కరలేదు. లోపల ఆరు చక్రములుండును. వాని అమరిక పంపువాడును అందుకొనువాడును మాత్రమే ఎరిగిన రహస్యము. ఒక్కొక్క అక్షరమును యంత్రము వేరొక అక్షరముగ మార్చి కాగితపు చీలికపై అచ్చువేయును. అట్లే అమర్చిన మరియొక యంత్రము ఆ చిక్కును విప్పును. 1940లో జర్మను సేనలు నార్వేపై బడినప్పుడు హేగలిన్ అమెరికాకు తరలిపోయెను. అమెరికా సైన్యము ఆ యంత్రమునకు ఎం-209 అని పేరిడి, న్యూయార్కు రాష్ట్రమునందలి ఒక టైపురైటర్ల కర్మాగారమున దాదాపు 1,40,000 యంత్రములను చేయించినది. ఆ ఒక్క బేరముతో హేగలిన్ ధనవంతుడైనాడు. యుద్ధానంతరము ఆయన స్విట్జర్లాండు చేరి, 1952లో ట్సూగ్ పట్టణమున క్రిప్టో ఏజీ అను కంపెనీని నెలకొల్పినాడు.

ఇచ్చట రెండవ పాత్ర ప్రవేశించుచున్నది. విలియం ఫ్రీడ్‌మన్ అను నాతడు కూడ రష్యా సామ్రాజ్యముననే, 1891లో, కిషినేవు నగరమున పుట్టి, శైశవముననే అమెరికా చేరినవాడు, జపాను దౌత్యశాఖవారి గూఢలిపిని 1940లో ఛేదించిన అమెరికా బృందమునకు నాయకుడు, హేగలిన్‌కు ఆప్తమిత్రుడు. హేగలిన్ అప్పుడు తయారుచేయుచున్న కొత్త యంత్రము అమెరికా పండితులకు భయము పుట్టించినది. అట్టి యంత్రమును అందరును కొనినచో ఎవరి తంతిని చదువగలము? 1951లో వాషింగ్టను నగరమున కాస్మాస్ క్లబ్బునందు ఇరువురును కలసి భోజనము చేసిరి. ఉత్తమమైన యంత్రములను అమెరికా అంగీకరించిన దేశములకే అమ్మవలెననియు, తక్కిన దేశములకు పాతవియు బలహీనములునైన యంత్రములనే అంటగట్టవలెననియు, అందువలన కలుగు నష్టమునకు హేగలిన్‌కు 7 లక్షల డాలర్లవరకు ముట్టవలెననియు అచ్చట బేరము కుదిరినది. కాగితము లేదు, సాక్షి లేడు, చేతులు కలుపుకొనుటయే దస్తావేజు. ఆ పైకమును అమెరికావారు చెల్లించుటకు సంవత్సరములు పట్టినవి. హేగలిన్ మాత్రము తన మాట తొలినుండియు నిలుపుకొనుచు వచ్చినాడు. ఆయన సత్యసంధతను మెచ్చుకొనవలసినదే, కొనుగోలుదారులకు కూడ అందులో కొంత పంచియుండినయెడల!

ఆ పిమ్మట మెట్టువెంట మెట్టు. 1960లో సి.ఐ.ఏ.తో లైసెన్సు ఒప్పందము కుదిరినది. దానికై 8,55,000 డాలర్లును, సంవత్సరమునకు 70,000 డాలర్ల చొప్పున జీతమువంటి పైకమును ముట్టినవి. ఇంతవరకు కంపెనీ చేసినది, మంచి సరకును కొందరికి అందనీయకుండుట మాత్రమే. చక్రముల యంత్రములు పోయి విద్యుత్పరికరముల కాలము రాగా నాటకము మారినది. హేగలిన్ ఇనుపచక్రముల విద్యలో దిట్ట. ఎలక్ట్రానిక్సు ఆయనకు తెలియని శాస్త్రము. తెలిసినవారెవరు? అమెరికావారే. 1967లో క్రిప్టో కంపెనీ హెచ్-460 అను కొత్త యంత్రమును సంతలో పెట్టినది. దాని అంతరంగమును రూపొందించినది అమెరికా జాతీయ భద్రతా సంస్థ, అనగా ఎన్.ఎస్.ఏ.! పరుల తంతులను చదువుటయే వృత్తిగాగలవారు, పరులు తమ తంతులను దాచుకొనుటకై కొను యంత్రమునకు శిల్పులైరి. కంచెయే చేను మేసినదన్న సామెత మనకున్నది. ఇచ్చట కంచెను నాటించినదే మేయదలచిన పశువు.

హేగలిన్ వృద్ధుడైనాడు. కంపెనీ పరుల చేతబడునేమోయని అమెరికావారికి దిగులు కలిగినది. అదివరకే ఫ్రెంచి, జర్మను గూఢచారులు కొందుమని వచ్చియుండిరి. 1970 జూను నెలలో సి.ఐ.ఏ.యు, పశ్చిమ జర్మనీ గూఢచారశాఖయగు బి.ఎన్.డి.యు చెరిసగము పెట్టి 57 లక్షల 50 వేల డాలర్లకు కంపెనీని కొనినవి. కొనినవాని పేరు పైకి రాకుండుటకు లీక్టెన్‌స్టైన్ అను చిన్న రాజ్యమునందలి ఒక న్యాయవాద సంస్థ సాయపడినది. ఎవరి చేతనున్న వారిదేయగు షేర్లు, అనగా బేరర్ షేర్లు, యజమాని ఆనవాలును మాపినవి. మా వృత్తిసోదరుల ప్రజ్ఞ ఇట్టి పనులకు కూడ ఉపయోగపడునని చెప్పుటకు మాకు సంతోషము లేదు. వ్యాపారమున సీమెన్స్ కంపెనీ అమ్మకములపై నూటికి 5 వంతున పుచ్చుకొని సలహాలిచ్చినది; ఎలక్ట్రానిక్సు చిక్కులను విప్పుటకు మోటరోలా కంపెనీ పిలువబడినది. 1970లో కోటిన్నర స్విస్ ఫ్రాంకులున్న అమ్మకము 1975 నాటికి 5 కోట్ల 10 లక్షల ఫ్రాంకులు దాటినది. ఏటేట మిగిలిన లాభమును యజమానులిరువురును పంచుకొనుచుండిరి, సి.ఐ.ఏ. వారి వాటాను జర్మనులు నేలక్రింది మోటారుకార్ల నిలయమున రొక్కముగ అప్పగించుచుండిరని జర్మనుల చరిత్రయే చెప్పుచున్నది. గూఢచర్యము సాధారణముగ ఖర్చుతో కూడిన పని. దానిని లాభసాటి వర్తకముగ మార్చినవారు వీరే కాబోలు.

యంత్రములోని మోసమెట్టిదని కొందరు మిత్రులు అడిగినారు. ఒక మీట నొక్కినంత రహస్యమంతయు బయటపడునట్టి మొరటు ఏర్పాటు కాదది. అట్లుండినచో ఏ తెలివిగల ఇంజనీరైనను పట్టివేయును. గూఢలిపి యంత్రము, సందేశముతో కలుపుటకై, క్రమములేనట్లు కానవచ్చు అంకెల ప్రవాహమును పుట్టించును. ఆ ప్రవాహమున నిజముగ క్రమము లేనిచో, చదువదలచిన పరునికి అమరికలనన్నింటిని ఒక్కొక్కటిగ పరీక్షించుట తప్ప గతి లేదు, ఆయుర్దాయము చాలదు. ఆ ప్రవాహమున పైకి కానరాని లోపమునొకదానిని గణితసూత్రముననే నేర్పుతో పొదిగినచో, ఆ లోపమెరిగినవానికి మాసములు పట్టు పని క్షణములలో తీరును. ఎరుగనివాడు చూచినంతకాలము చూచినను అది సలక్షణమైన యంత్రమువలెనే కనబడును. మరియు కంపెనీ ప్రతి యంత్రమును కనీసము రెండు రకములుగ తయారుచేసినది. ఆప్తరాజ్యములకు నిర్దుష్టమైనది, తక్కిన లోకమునకు దోషయుక్తమైనది. పై డబ్బా ఒక్కటే. కంపెనీ ముద్రయు ఒక్కటే.

ఇట్టి యంత్రములను కొనిన దేశములు 120కి మించినవి. వానిలో 62 దేశముల పేర్లు ఆ పత్రములవలన తెలియవచ్చినవి. ఇరాను, ఈజిప్టు, లిబియా, సౌదీ అరేబియా, ఆర్జెంటైనా, ఇటలీ, తుదకు పోపుగారి వాటికను కూడ అందున్నవి. భారతదేశమును అందున్నది, పాకిస్థానమును అందున్నది. సోవియట్ రష్యాయు చైనాయు మాత్రము ఎన్నడును కొనలేదు. వారికి పరదేశపు పెట్టెపై నమ్మకము లేకపోయెను. రొట్టెముక్కకై పోట్లాడి కోతిని ఆశ్రయించిన పిల్లుల కథ మన బిడ్డలందరికిని వచ్చును. ఇరుగుపొరుగు రాజ్యములు రెండు, ఒకదానికొకటి తెలియరాదని, ఒకే అంగడిలో ధనము పోసి తాళములు కొనినవి. ఆ అంగడి యజమానికి రెండిండ్లలోని మాటలును వినబడుటకు వీలు కలిగినది. ఏ కూటమికిని చెందము, ఎవరి పంచను చేరమని లోకమున చాటిన దేశమునకు ఇంతకన్న పరిహాసము వేరొకటి కలదా?

ఆ విన్నవారు వినినదానితో ఏమి చేసిరి? 1978లో కాంప్ డేవిడునందు ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ఇజ్రాయేలుతో సంధి మాటలాడుచుండగా, ఆయన కైరోకు పంపిన వార్తలను మధ్యవర్తియగు అమెరికాయే చదువుచుండినది. మధ్యవర్తి ఒక కక్షిదారుని వకీలు కాగితములను రహస్యముగ చదివినచో న్యాయస్థానమున దానికేమి పేరో మేము చెప్పనక్కరలేదు. 1982లో ఫాక్‌లాండు యుద్ధమున ఆర్జెంటైనా వార్తలు బ్రిటనుకు అందినవి. బ్రిటిషు పార్లమెంటున ఒక సభ్యుడు నోరు జారి, ఆర్జెంటైనా తంతులను మనవారు చిరకాలముగ చదువుచున్నారని అనివైచెను. ఆర్జెంటైనావారికి అనుమానము పుట్టినది. కంపెనీ తన గణితశాస్త్రజ్ఞుని బ్యూనోస్ ఎయిరిస్‌కు పంపినది. మాటలను కలగలుపు పాత పరికరమొకటి దొరికిపోయి యుండవచ్చును గాని, మీ ముఖ్యయంత్రము అభేద్యమని ఆయన అభయమిచ్చెను. వారు నమ్మిరి, మరల కొనిరి!

న్యాయము కొరకు రెండవ పక్షమును కూడ చెప్పవలెను. 1986 ఏప్రిలులో బెర్లినునందలి ఒక నృత్యశాలలో బాంబు పేలి ముగ్గురు మరణించినప్పుడు, అది లిబియా ప్రభుత్వపు పనియని తెలిసినది ఇట్టి తంతులవలననే. అమాయకులను చంపువారి గుట్టు బయటపడుట మంచిదే కదాయని ఎవరైన అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. అట్లయినచో, 1975 నవంబరులో చిలీ నగరమగు శాంటియాగోన దక్షిణ అమెరికా సైనిక నియంతలు కలసికొని కాండర్ అను పేర తమ విరోధులను దేశదేశములందు వేటాడ సంకల్పించినప్పుడు, వారు వాడినవియు క్రిప్టో యంత్రములే. ఆ కబుర్లు వినుటకు వీలున్నవారు ఎందరి ప్రాణములు కాచిరి? వినుటకు చెవులు చాచినవాడు, ఏది విని పలుకవలెనో, ఏది విని మౌనము వహింపవలెనో తన ప్రయోజనమును బట్టియే నిర్ణయించుకొనెను. ఆ చెవులు ధర్మదేవతవి కావు. 1980 దశకమున ఒకానొక సమయమున ఎన్.ఎస్.ఏ. విప్పి చదివిన పరప్రభుత్వముల వార్తలలో సుమారు నూటికి 40 వంతులు ఈ ఒక్క కంపెనీ యంత్రములనుండియే వచ్చినవట.

ఇక కంపెనీలో పనిచేసినవారి గతి. వారిలో నూటికి తొంబదిమందికి పైగ ఏమియు ఎరుగనివారేయని తోచుచున్నది. పీటర్ ఫ్రుటిగర్ అను ఇంజనీరు యంత్రములలోని లోపములను కనిపెట్టి, డమాస్కసునకు పోయి సిరియావారి యంత్రములను నిజాయితీతో సరిదిద్దివచ్చెను. కొనినవానికి సరియైన సరకునందించిన ఆ నేరమునకు 1977లో ఆయన ఉద్యోగము పోయినది. మరుసటి సంవత్సరము చేరిన ఒక యువతి, విద్యుచ్ఛాస్త్రమున పండితురాలు, ఈ సూత్రములు ఇంత బలహీనముగ ఏల ఉన్నవని అడుగసాగినది. తానే ఒక దృఢమైన సూత్రమును రచించినది. పైవారు గమనించి ఆపులోపల అట్టి యంత్రములు 50 బయటికి పోయినవి. తప్పు చేయుట నేర్పవలసిన కర్మాగారమున ఒప్పు చేయుటయే ప్రమాదమైనది!

అందరికన్న దయనీయుడు హాన్స్ బ్యూలర్. కంపెనీవారి అమ్మకపు ప్రతినిధులలో సమర్థుడు; రహస్యమేమియు ఎరుగడు. 1992 మార్చిలో ఇరాను ప్రభుత్వము ఆయనను టెహ్రానున నిర్బంధించినది. తొమ్మిది నెలలు చెరలో ఉంచి, ఏ దేశమునకు నీవు గూఢచారివని పదేపదే అడిగిరి. ఎరుగనిది ఏమని చెప్పగలడు? 1993 జనవరిలో 10 లక్షల డాలర్లు చెల్లించి ఆయనను విడిపించిరి. అపహృతులకై ధనమీయరాదన్నది తమ నియమమని సి.ఐ.ఏ. చేయి కడుగుకొనగా ఆ ధనము జర్మను గూఢచారశాఖ నుండి వచ్చినది. ఇల్లు చేరిన బ్యూలరును కంపెనీ కొలదివారములలో పనినుండి తొలగించి, ఆ పది లక్షలను తిరిగి కట్టుమని అడిగినది. దొంగ యజమాని కొరకు జైలు కుడిచిన దొరతనపు సేవకునికి జరిగిన సన్మానమిది. సాక్షులు మాటలాడసాగిరి. స్విస్ పోలీసులు విచారణ జరిపి ఏమియు తేల్చలేకపోయిరి. 1995 డిసెంబరులో అమెరికాయందలి బాల్టిమోర్ సన్ పత్రిక ఈ విషయమును చాలవరకు ప్రకటించినది. అయినను లోకము యంత్రములను కొనుచునేయుండినది! జర్మనులు 1993లో తమ వాటాను 1 కోటి 70 లక్షల డాలర్లకు సి.ఐ.ఏ.కు అమ్మి తప్పుకొనిరి. అమెరికావారు 2018 వరకు వ్యాపారము సాగించి, పిదప కంపెనీని ముక్కలుచేసి అమ్మివైచిరి.

స్విట్జర్లాండు మాటయేమి? కొనుగోలుదారులు యంత్రముతో పాటు ఆ దేశపు తాటస్థ్యమును కూడ వెల ఇచ్చి కొనినారు. యుద్ధములందు పాల్గొనని దేశము, గాయపడినవారికి రెడ్‌క్రాసునిచ్చిన దేశము మోసగింపదని నమ్మిరి. స్విస్ పార్లమెంటు ఉపసంఘమొకటి విచారించి 2020 నవంబరులో నివేదికనిచ్చినది. ఈ కంపెనీ వెనుక పరదేశపు గూఢచారులున్నారనియు, యంత్రములు బలహీనములనియు స్విస్ గూఢచారశాఖకు 1993 నుండియు తెలియునని ఆ నివేదిక తేల్చినది. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. ఆ ఇంటివారు దొంగనెరిగియు పట్టదలచలేదు.

మేము న్యాయవాదులము గనుక చట్టమున దీనికేమి పేరో చూడకుండలేము. ఇది స్విస్ దేశపు చట్టమునకు లోబడిన బేరమే గాని, మన 1872 నాటి కాంట్రాక్టు చట్టమునే కొలబద్దగ గైకొందము. దాని 17వ సెక్షను ప్రకారము, ఒక సంగతినెరిగినవాడు దానిని యత్నపూర్వకముగ కప్పిపుచ్చుట వంచన. 19వ సెక్షను ప్రకారము వంచనచే పొందిన సమ్మతి గల ఒప్పందమును వంచితుడు రద్దుపరుపవచ్చును. ఒక మినహాయింపు కలదు: ఎదుటివాడు మౌనము వహించి మోసగించినప్పుడు, సాధారణ జాగ్రత్తతో నిజము కనుగొను సాధనము కొనువానికుండియుండినచో ఆ హక్కు లేదు. కప్పిపుచ్చుటకు ఈ మినహాయింపు వర్తింపదు గనుక క్రిప్టో కంపెనీకి అది రక్షణ కాదు. 1930 నాటి సరకుల విక్రయ చట్టపు 16వ సెక్షను కూడ, ఫలానా ప్రయోజనమునకని చెప్పి కొనిన సరకు ఆ ప్రయోజనమునకు తగియుండవలెనను షరతును ఊహించుచున్నది. రహస్యము దాచుటకని కొనిన యంత్రము రహస్యమును వెల్లడించునదైనచో తగినదెట్లగును? వ్యాజ్యమున మనమే గెలుతుము. గెలిచి ఏమి లాభము? పోయిన రహస్యము డిక్రీతో తిరిగి రాదు. కనుక న్యాయస్థానమున అక్కరకు రాని ఆ మినహాయింపులోని ప్రశ్నయే మంత్రాంగమున ముఖ్యమైనది: నిజమును కనుగొను సాధనము మనకుండెనా? ఉండినచో వాడితిమా?

ఆంగ్లప్రభుత్వము మన ఉత్తరములను విప్పి చదివిన దినములను పెద్దలు చెప్పగ వినియున్నాము. 1885 నాటి తంతి చట్టమున 5వ సెక్షనును, 1898 నాటి పోస్టాఫీసు చట్టమున 26వ సెక్షనును అందుకే ఉండినవి. వానిని మేము మెచ్చుట లేదు. కాని ఆ దొరలు, మీ జాబులను చదువ హక్కున్నదని చట్టమున అచ్చువేసి మరి చదివిరి. ఎవ్వరును విప్పలేని కవరులివియని చెప్పి మనకే హెచ్చుధరకు అమ్మలేదు. ఈ భేదము చిన్నది కాదు.

సత్యాగ్రహోద్యమమునకు రహస్యమేల, 1930 మార్చి 2వ తేదీన గాంధీమహాత్ముడు తాను చేయబోవు చట్టోల్లంఘనమును వైస్రాయికే జాబు వ్రాసి తెలుపలేదా, అని ఒక యువమిత్రుడు మమ్మడిగెను. తెలిపినాడు, అది ఆయన స్వేచ్ఛ. తన గుండెను తాను విప్పి చూపువాడు మహాత్ముడు. ధర్మకర్త తనకప్పగింపబడిన పరుల సొమ్ముగల పెట్టెను అట్లు తెరచి చూపరాదు. ప్రభుత్వము ప్రజలకు ధర్మకర్త.

ఇదంతయు గడచిన కథయని ఊరకుండుటకు వీలులేదు. సంఖ్యల ప్రవాహమును పుట్టించు ద్యుయల్ ఈసీ అను గణితసూత్రమొకటి అమెరికా ప్రమాణముల సంస్థవారి ఆమోదము పొందినది. దానిలో చోరమార్గమునకు వీలున్నదని 2007లోనే ఇరువురు పండితులు బహిరంగసభలో చూపిరి. ఆర్.ఎస్.ఏ. అను పేరుగన్న కంపెనీ తన సరకులో ఈ సూత్రమునే ముందుంచుటకు ఎన్.ఎస్.ఏ. కోటి డాలర్లిచ్చినదని 2013 డిసెంబరులో రాయిటర్ వార్తాసంస్థ ప్రకటించినది. తాము తెలిసి బలహీనపరచలేదని కంపెనీ అనినది. 2014లో ఆ సూత్రము ఆమోదము కోల్పోయినది. ఇంతలో మరియొక వింత. జూనిపర్ అను కంపెనీ తన పరికరముల లోపలి వ్రాతలో ఎవరో అనుమతి లేక మార్పులు చేసిరని 2015 డిసెంబరులో ఒప్పుకొనినది. పండితులు పరీక్షింపగా, ఆ ద్యుయల్ ఈసీ సూత్రముననే ఒక సంఖ్యను మార్చియుండిరని తేలినది. అనగా, ఒకరు దొడ్డిదారికి వీలుగ కట్టిన గోడకు వేరొకరు వచ్చి తమ తాళము బిగించుకొనిరి. ఆ గోడ వెనుక నిదురించినవారిలో అమెరికావారును ఉండిరి. దొంగదారికి దొరతనము లేదు. ఎరిగిన ప్రతివానికిని అది దారియే.

ఇక ఈ సభ ముందున్న తీర్మానమును గూర్చి. ప్రభుత్వకార్యాలయములలోను, సహకారబ్యాంకులలోను పరదేశములలో తయారైన గూఢలిపి పరికరములను వాడరాదని మన మిత్రులు తీర్మానము సిద్ధపరచినారు. వారి ఆవేశము మాకర్థమగుచున్నది. స్వదేశీ వ్రతమున మేమెవరికిని తీసిపోము. 1967లో, ఆ హెచ్-460 సంతకెక్కిన సంవత్సరముననే, మన పశ్చిమగోదావరి బిడ్డ అయ్యగారి సాంబశివరావుగారు హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనును నిలబెట్టి, ఇట్టి శాస్త్రము మన చేతులకును వచ్చునని చూపినారు. ఆ దారి వృద్ధి పొందవలసినదే. అయినను తీర్మానము ఉన్నది ఉన్నట్లు నిలువరాదని మా అభిప్రాయము.

ఏలయన, 120 దేశములను మోసగించినది ఒక ముద్ర. ‘స్విట్జర్లాండున చేయబడినది’ అను ముద్రను చూచి వారు లోపల చూచుట మానిరి. రేపు ‘భారతదేశమున చేయబడినది’ అను ముద్రను చూచి మనము లోపల చూచుట మానినచో, పరుల చేతిలో మోసపోవుటకు బదులు మనవారి చేతిలోనో, మనవారి ముసుగు వేసికొనిన పరుల చేతిలోనో మోసపోవుదుము. యజమానియొకడు, బోర్డుపై పేరొకడిది ఎట్లగునో ఇంతసేపు వింటిమి గదా. పరదేశపు చిప్పును స్వదేశపు డబ్బాలో బిగించి అమ్ముట కష్టమైన పని కాదు.

మరి నమ్మకమునకు ఆధారమేమి? కెర్క్‌హోఫ్స్ అను పండితుడు 1883లోనే చెప్పినాడు: యంత్రము శత్రువు చేతబడినను హాని కలుగరాదు, రహస్యము తాళపుచెవిలో ఉండవలెను గాని తాళపు కట్టుబాటులో కాదు. అట్లయినచో తాళపు కట్టుబాటును నలుగురి యెదుట విప్పి చూపుటకు భయమెందుకు? అమెరికా తన ఇంటికి ఏమి చేసికొనినదో చూడుడు. 1997లో బహిరంగముగ పోటీ ప్రకటించి, దేశదేశముల పండితులు పంపిన సూత్రములను అందరి యెదుట పెట్టి, విరుగగొట్టుడని సవాలు చేసి, 2001లో ఇరువురు బెల్జియం దేశస్థులు రచించిన సూత్రమును తన ప్రమాణముగ స్వీకరించినది. 2003లో తన రాజ్యరహస్యములకును దానిననుమతించినది. పరదేశస్థుడు చేసినదని త్రోసివేయలేదు. విప్పి చూచి, విరుగదని తేల్చుకొని కైకొనినది. పరులకు మూతవేసిన పెట్టెనమ్మినవాడు తనకు మాత్రము తెరచిన పెట్టెనే కొనినాడు. మనము నేర్వవలసినది వాని మాటనుండి కాదు, వాని చేతనుండి.

మరియొక మాట, ఇది కొందరికి రుచింపకపోవచ్చును. మన ప్రభుత్వమును ఇదే ఆశకు లోబడకుండునా? 2000 నాటి సమాచార సాంకేతిక చట్టపు 69వ సెక్షను, గూఢలిపిని విప్పి ఇమ్మని ఆజ్ఞాపించు అధికారమును ప్రభుత్వమునకిచ్చుచున్నది; సహకరింపనివానికి ఏడేండ్లవరకు కారాగారము. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీముకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగ ఏకాంతపు హక్కు ప్రాథమికహక్కేయనిరి. ఈ రెంటికిని నడుమ ఉన్న సందున, తయారీదారుని పిలిచి, మా కొరకొక చిన్న దారి ఉంచుమని చెవిలో చెప్పు మంత్రి ఏనాటికైనను పుట్టవచ్చును. వ్రాతపూర్వకమైన ఆజ్ఞతో అడిగినచో కోర్టున సవాలు చేయవచ్చును. చెవిలో చెప్పినదానిని ఏ కోర్టున సవాలు చేయుదుము? కాబట్టి ఈ నిబంధన పరదేశపు కంపెనీకెంతో మన కంపెనీకిని, మన ప్రభుత్వమునకును అంతే వర్తింపవలెను.

అధ్యక్షులవారి అనుమతితో సవరణను చదువుచున్నాము. ‘పరదేశములలో తయారైన’ అను మాటలు తీసివేసి, వాని స్థానమున ‘తమ గణితసూత్రమును, నిర్మాణపత్రములను, నిజమైన యజమానుల పేర్లను మన విశ్వవిద్యాలయముల స్వతంత్రపండితుల పరీక్షకు పూర్తిగ తెరచి చూపనట్టి, ఏ దేశమున తయారైనదైనను’ అను మాటలు చేర్పవలెను. మొదటి తీర్మానమును ప్రతిపాదించిన మిత్రులు దీనిని వ్యతిరేకింపదలచినయెడల, వారి వాదము వినుటకు మేము సిద్ధముగ ఉన్నాము. బలపరచువారెవరో అధ్యక్షులవారు అడుగవలెనని ప్రార్థించుచున్నాము.